స్కేలా సాఫ్ట్‌వేర్ సమీక్ష: అంకెలు పక్కా, పేర్ల సంగతే తేలలేదు

స్థాయిని, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం వరకు ఉన్న దూరాన్ని, పన్నెండు భాగాలతో ఆపకుండా పందొమ్మిదిగానో, ఇరవై రెండుగానో, ముప్ఫై ఒకటిగానో విభజించి సంగీతం చేసేవారిలో స్కేలా అనే సాఫ్ట్‌వేర్ పేరు విననివారు అరుదు. మాన్యుయెల్ ఓప్ డె కౌల్ రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. స్వరశ్రేణులను తయారుచేయడం, కొలవడం, ఒకదానితో ఒకటి పోల్చడం, సింథసైజర్లకు పంపడం దీని ప్రధానమైన పనులు. దీనితోపాటు అయిదు వేలకు పైగా శ్రేణులున్న ఒక ఆర్కైవ్ కూడా ఉచితంగా లభిస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను ఎన్నడూ తెరవనివారు సైతం ఆ ఆర్కైవ్‌ను వాడుతుంటారు. ఈ సమీక్షలో నేను పరిశీలించదలచుకున్నది ఒకటే విషయం: ఇన్ని వేల శ్రేణులకు ఇక్కడ పేర్లు ఎలా వచ్చాయి, ఆ పేర్లు వాడుకరికి ఎంతవరకు దారి చూపుతాయి అన్నది. స్వరాల కొలతల విషయంలో దీనిని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. పేర్ల విషయంలో మాత్రం దీని పక్కన మరొక పద్ధతిని పెట్టుకోక తప్పదు.

ముందు ఫైలు రూపం గురించి చెప్పాలి, ఎందుకంటే స్కేలా బలం అంతా అక్కడే ఉంది. ఎస్‌సిఎల్ అనే పొడిగింపుతో ఉండే ఈ ఫైలు సాధారణ అక్షర ఫైలు. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవవచ్చు. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే పంక్తులు వ్యాఖ్యలు. వాటిని వదిలేస్తే మొదటి పంక్తి వర్ణన, రెండవది స్వరాల సంఖ్య, ఆ తరువాతివి స్వరస్థానాలు. సంఖ్యలో దశాంశ బిందువు ఉంటే అది సెంట్లలో (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు) ఇచ్చిన కొలత, లేకపోతే కంపన సంఖ్యల నిష్పత్తి. ఆధార షడ్జమాన్ని రాయనక్కరలేదు, అది ఉన్నట్టే లెక్క. చివరి పంక్తిలోని విలువ శ్రేణి ఎక్కడ తిరిగి మొదలవుతుందో చెబుతుంది. సాధారణంగా అది 2/1, అంటే పై షడ్జమం. కానీ అలాగే ఉండి తీరాలన్న నియమం లేదు. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ ప్రతిపాదించిన సెంట్ల కొలత, అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచీ ఉన్న నిష్పత్తుల కొలత, రెండూ ఒకే ఫైలులో పక్కపక్కనే నిలవగలగడం చిన్న విషయం కాదు. సర్జ్, పియానోటెక్ వంటి సింథసైజర్లు ఈ రూపాన్నే స్వీకరించాయి కనుక ఒకసారి రాసుకున్న శ్రేణి చాలా చోట్ల పలుకుతుంది.

గమనించవలసినదేమిటంటే, ఈ రూపంలో పేరుకు ప్రత్యేకమైన స్థానం లేదు. ఉన్నది ఫైలు పేరు ఒకటి, వర్ణన పంక్తి ఒకటి. వర్ణనను ఖాళీగా వదిలినా ఫైలు చెల్లుతుంది. అంటే రూపకర్త దృష్టిలో శ్రేణికి గుర్తింపు దాని స్వరాలే. పేరు రాసినవాడి ఇష్టం. సూత్రంగా చూస్తే ఇది తప్పు కాదు. చిక్కంతా ఈ ఇష్టాలన్నీ కలిసి అయిదు వేల ఫైళ్ల ఆర్కైవ్‌గా మారినప్పుడు మొదలవుతుంది.

ఆర్కైవ్‌ను కొంతసేపు తిరగేస్తే పేర్లలో రకరకాల పొరలు కనిపిస్తాయి. కొన్ని కర్తల పేర్లు: పదిహేడవ శతాబ్దపు జర్మన్ సిద్ధాంతకారుడు వెర్క్‌మైస్టర్ మూడవ టెంపరమెంట్ (అంతరాలను కొద్దిగా సర్దుబాటు చేసిన శ్రుతి పద్ధతి), అమెరికన్ స్వరకర్తలు హ్యారీ పార్చ్ నలభై మూడు స్వరాల శ్రేణి, వెండీ కార్లోస్ ఆల్ఫా. కొన్ని తయారీ విధానాన్ని చెప్పే పేర్లు: పన్నెండు స్వరాల పైథాగొరియన్, పావు కామా మీన్‌టోన్. కొన్ని ఒక సంప్రదాయం పేరు మోసేవి. ఈ మూడవ రకం దగ్గర కాస్త ఆగాలి. ఇండోనేషియా గామెలాన్ సంగీతానికి చెందిన స్లెండ్రో, పెలోగ్ పేర్లతో ఆర్కైవ్‌లో ఒకటి కాదు, అనేక ఫైళ్లున్నాయి. ఒకదాని సెంట్లు మరొకదానితో కలవవు. తెలియనివారికి ఇది గందరగోళంగా తోచవచ్చు గానీ నిజానికి ఇది సంగ్రహకర్త నిజాయితీ. ప్రతి గామెలాన్ బృందం వాయిద్యాలనూ విడివిడిగా శ్రుతి చేస్తారు. స్లెండ్రో అనేది ఒక కుటుంబం పేరే తప్ప ఒక కొలత పేరు కాదు. ఏదో ఒక ఫైలును ‘అసలు స్లెండ్రో’ అని నిలబెట్టడానికి బదులు కొలిచినవాటన్నిటినీ అలాగే ఉంచడం మంచి నిర్ణయం. అయితే పేరును మాత్రమే చూసి ఫైలు తెరిచేవారికి ఈ తేడా ఎక్కడా కనిపించదు. వర్ణన పంక్తిని చదివే ఓపిక ఉన్నవారికే అది తెలుస్తుంది.

స్కేలాతో వచ్చే మరొక జాబితా మోడ్‌ల పేర్లది. ఇందులో శ్రేణులను సెంట్లలో కాక మెట్ల సంఖ్యలలో, అంటే ఒక స్వరం నుంచి తరువాతి స్వరానికి ఎన్ని భాగాలో చెప్పే వరుసగా, రాస్తారు. స్థాయిని పన్నెండు సమభాగాలు చేసినప్పుడు 2 2 1 2 2 2 1 అనే వరుస ఎదురుగా పాశ్చాత్యుల మేజర్, హిందుస్తానీ బిలావల్ ఠాట్, మన శంకరాభరణ మేళం ఒకే పంక్తిలో కలిసి ఉంటాయి. మెట్ల వరకు చూస్తే ఇది సరైనదే. గమకం, జీవస్వరం, సంచారం అన్నవి ఈ జాబితా పరిధిలోనివి కావు కనుక, మేళాల పేర్లను ఇందులో చూసుకోవచ్చు గానీ రాగాల పేర్లు కనిపించిన చోట మన శ్రోతలు ఆ పంక్తిని ఒక అస్థిపంజరంగానే భావించాలి. పన్నెండు కాక వేరే విభజనలకు కూడా విడివిడి జాబితాలు ఉన్నాయి. అదే ఈ జాబితా అసలు విలువ.

పేర్ల పద్ధతిని అంచనా వేయడానికి మన చేతిలో ఒక గట్టి కొలబద్ద ఉంది. వెంకటమఖి డెబ్బై రెండు మేళాల పథకం, దానికి తరువాత అతికిన, అక్షరాలకు అంకెలు కేటాయించే కటపయాది సంఖ్య, ఈ రెండూ కలిసి సాధించిన పని ప్రపంచంలోని శ్రేణుల నామకరణ పద్ధతులలో చాలా కొద్దింటికే చేతనైంది. ధీరశంకరాభరణం అన్న పేరులో మొదటి రెండక్షరాలు ధ, ర. ధకు తొమ్మిది, రకు రెండు. తిరగవేస్తే ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది ముప్ఫై ఆరు లోపలిది కనుక శుద్ధ మధ్యమం. ఆరేసి మేళాల చక్రాలలో అయిదవ చక్రంలో పడింది కనుక చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. ఆ చక్రంలో అయిదవది కనుక చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. పేరు వినగానే కాగితం లేకుండా స్వరాలన్నీ రాబట్టవచ్చు. ఇందుకోసం వాడుకలో ఉన్న పేర్లకు ముందు ధీర, మేచ, హనుమ అన్న మాటలు తగిలించవలసి వచ్చింది. ఆ మాత్రం కృత్రిమత్వానికి దక్కిన ప్రతిఫలం చాలా పెద్దది. పేరు నుంచి శ్రేణిని తిరిగి కట్టుకోగలమా అన్నదే నా దృష్టిలో నామకరణ పద్ధతికి మొదటి పరీక్ష. ఈ పరీక్షలో స్కేలా ఆర్కైవ్ నిలవదు. నిలవాలని అది అనుకోలేదు కూడా.

అయితే కటపయాదిని ముప్ఫై ఒక్క భాగాలకు పొడిగిస్తే సరిపోదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. లెక్క వేసి చూడవచ్చు. పన్నెండు స్థానాలలో షడ్జమాన్ని స్థిరంగా ఉంచి మిగతా పదకొండింటిలోంచి ఆరింటిని ఎన్నుకుంటే 462 సప్తస్వర శ్రేణులు వస్తాయి. పంచమాన్ని స్థిరం చేసి, మధ్యమాన్ని ఒకదానికి పరిమితం చేసిన నియమాల వల్ల వాటిలో 72 మాత్రమే మేళాలుగా నిలిచాయి. అదే ముప్ఫై ఒక్క స్థానాలలో షడ్జమం కాక ఆరింటిని ఎన్నుకుంటే 5,93,775 శ్రేణులు. ఏడు స్వరాలే ఉండాలన్న నియమం కూడా తీసేస్తే ఇక చెప్పనక్కరలేదు. ఇన్నింటికీ వరుస సంఖ్యలు ఇవ్వవచ్చు గానీ ఆ సంఖ్యలు మనిషి చెవికి ఏమీ చెప్పవు. అందుచేత సూక్ష్మస్వర సిద్ధాంతంలో, అంటే పన్నెండు స్వరస్థానాలకు బయటి శ్రేణుల శాస్త్రంలో, పేర్లు పెట్టేవారు అన్ని శ్రేణులనూ వదిలి, నిర్మాణంలో ఒక క్రమం ఉన్న శ్రేణులను మాత్రమే పట్టుకున్నారు.

ఆ క్రమానికి దారి చూపినవాడు సంగీత సిద్ధాంతకారుడు ఎర్వ్ విల్సన్. 1975లో ఆయన మొమెంట్ ఆఫ్ సిమెట్రీ అని పేరు పెట్టిన భావన ఈనాడు మాస్ అన్న పొట్టి పేరుతో చలామణిలో ఉంది. ఒకే అంతరాన్ని, ఉదాహరణకు పంచమాన్ని, మళ్లీ మళ్లీ పేర్చుకుంటూ పోయి వచ్చిన స్వరాలను ఒకే స్థాయిలోకి దించితే, కొన్ని నిర్దిష్ట సంఖ్యల దగ్గర శ్రేణిలోని మెట్లు సరిగ్గా రెండే పరిమాణాలలో మిగులుతాయి. అయిదు స్వరాల దగ్గర ఆగితే రెండు పెద్ద మెట్లు, మూడు చిన్న మెట్లు. మన మోహనం ఆ అచ్చులోనిదే. ఏడు దగ్గర ఆగితే అయిదు పెద్దవి, రెండు చిన్నవి. శంకరాభరణం ఆ అచ్చులోనిది. ఆరు స్వరాల దగ్గర ఆగితే మూడు పరిమాణాల మెట్లు వచ్చి ఈ పొందిక చెడుతుంది. పెద్ద మెట్టుకు ఎల్, చిన్న మెట్టుకు ఎస్ అని గుర్తులు పెట్టి ఈ అచ్చులను 2ఎల్ 3ఎస్, 5ఎల్ 2ఎస్ అని రాస్తారు. ఈ రాత మీదనే తమ్‌నమ్స్ అనే నామకరణ పద్ధతి నిలిచింది. స్కేలాకు తోడుగా దగ్గర పెట్టుకోవాలని నేను చెప్పే పద్ధతి ఇదే.

తమ్‌నమ్స్ ఎంచుకున్న నియమం ఏమిటంటే, పేరు అచ్చుకే చెందాలి, ఆ అచ్చును ఏ టెంపరమెంట్‌లో, ఏ విభజనలో పలికించారన్నదానికి కాదు. 5ఎల్ 2ఎస్ డయాటోనిక్. 2ఎల్ 3ఎస్ పెంటిక్. 4ఎల్ 3ఎస్ స్మిటోనిక్. 3ఎల్ 4ఎస్ మాష్. 5ఎల్ 3ఎస్ ఒనైరోటోనిక్. 7ఎల్ 1ఎస్ పైన్. స్థాయికి పది మెట్ల వరకు ఉన్న అచ్చులకు ఇలాంటి పేర్లు ఉన్నాయి. వీటిలో కొన్ని బాగా కుదిరాయి. ఉదాహరణకు అయిదు పెద్ద మెట్లు, అయిదు చిన్న మెట్లు ఒకటి విడిచి ఒకటిగా వచ్చే శ్రేణిని అమెరికన్ స్వరకర్త ఈస్లీ బ్లాక్‌వుడ్ స్థాయిని పదిహేను భాగాలు చేసినప్పుడు వాడాడు. ఆయన పేరులోని వుడ్‌ను ప్రత్యయంగా తీసుకుని 5ఎల్ 5ఎస్‌ను పెంటావుడ్, 4ఎల్ 4ఎస్‌ను టెట్రావుడ్, 3ఎల్ 3ఎస్‌ను ట్రైవుడ్ అన్నారు. ఒక వ్యక్తి పేరు వ్యాకరణంగా మారిన ఈ చోట పేరు వినగానే అచ్చు తెలుస్తుంది. మిగతా చాలావాటిలో ఆ సౌకర్యం లేదు. స్మిటోనిక్ అన్నా, మాష్ అన్నా కంఠస్థం చేయవలసిందే. కటపయాది పరీక్షలో ఇక్కడ నెగ్గేది 4ఎల్ 3ఎస్ అన్న రాత మాత్రమే. దానిమీద అతికించిన ముద్దుపేరు కాదు. ఎవరైనా నన్ను సలహా అడిగితే రాతనే వాడమంటాను, ముద్దుపేరును మాటల సందర్భానికి అట్టిపెట్టుకోమంటాను.

అచ్చు తెలిసినంత మాత్రాన శ్రేణి తెలియదు. ఏ స్వరం నుంచి మొదలైందో కూడా తెలియాలి. దీనికి సూక్ష్మస్వర సిద్ధాంతంలో నిలువు గీతతో విడదీసిన రెండు అంకెల పద్ధతి ఒకటి ఉంది. పంచమాలను పేర్చిన వరుసలో ఆధారానికి పైన ఎన్ని ఉన్నాయో మొదటి అంకె, కింద ఎన్ని ఉన్నాయో రెండవ అంకె చెబుతాయి. గ్రహభేదం (అవే స్వరాలలో వేరొకదానిని షడ్జమంగా తీసుకోవడం) తెలిసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. 5ఎల్ 2ఎస్ అచ్చులో 6|0 అంటే కల్యాణి, 5|1 శంకరాభరణం, 4|2 హరికాంభోజి, 3|3 ఖరహరప్రియ, 2|4 నటభైరవి, 1|5 తోడి. ఏడవదైన 0|6లో శుద్ధ పంచమం ఉండదు కనుక అది మేళంగా నిలవలేదు. గ్రహభేదంలో ఒకదాని నుంచి మరొకటి పుట్టే ఈ మేళాలు కటపయాదిలో 65, 29, 28, 22, 20, 8 అని చెల్లాచెదురుగా ఉంటాయి. వాటి బంధుత్వం ఆ సంఖ్యలలో కనిపించదు. ఇక్కడ మాత్రం ఒక్కొక్క పంచమం పై నుంచి కిందికి జారుతూ ఆరూ వరుసగా నిలబడతాయి. ఖరహరప్రియ సరిగ్గా నడిమధ్య నిలిచిందని, తలకిందులు చేసినా అదే శ్రేణి వస్తుందని 3|3 చూడగానే తెలిసిపోతుంది. కటపయాది స్వరాలను చెబుతుంది, ఈ పద్ధతి చుట్టరికాన్ని చెబుతుంది. ఈ ఒక్క విషయంలో కొత్త పద్ధతిదే పైచేయి అని ఒప్పుకోవాలి.

తమ్‌నమ్స్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతున్న భాగం ఇంకొకటి ఉంది. పెద్ద మెట్టుకూ చిన్న మెట్టుకూ మధ్యనున్న నిష్పత్తికి కూడా అందులో పేర్లున్నాయి. 2:1 అయితే బేసిక్, 3:2 సాఫ్ట్, 5:3 సెమీసాఫ్ట్, 4:3 సూపర్‌సాఫ్ట్, 5:2 సెమీహార్డ్, 3:1 హార్డ్, 4:1 సూపర్‌హార్డ్. ఇదేదో వర్గీకరణ కోసం వర్గీకరణ కాదు, చెవికి తగిలే విషయం. అదే 5ఎల్ 2ఎస్ అచ్చును తీసుకుని, షడ్జమం పైన రెండు పెద్ద మెట్లెక్కి గాంధారం చేరితే, స్థాయిని పందొమ్మిది భాగాలు చేసిన సాఫ్ట్ రూపంలో అది సుమారు 379 సెంట్ల దగ్గర, ముప్ఫై ఒక్క భాగాల సెమీసాఫ్ట్ రూపంలో 387 దగ్గర, పన్నెండు భాగాల బేసిక్ రూపంలో 400 దగ్గర, పదిహేడు భాగాల హార్డ్ రూపంలో 423.5 దగ్గర, ఇరవై రెండు భాగాల సూపర్‌హార్డ్ రూపంలో 436 దగ్గర పడుతుంది. తంబురా నాదంలో దానంతట అదే వినిపించే స్వయంభూ గాంధారం, అంటే 5/4, 386.3 సెంట్లు. ముప్ఫై ఒక్క భాగాల గాంధారం దానికి ఒక సెంటు లోపు దగ్గర. ఇరవై రెండు భాగాలది దాదాపు యాభై సెంట్లు పైన. రెండింటినీ ‘మేజర్ స్కేలు’ అని ఒకే పేరుతో పిలిచి ఊరుకుంటే వినేవాడికి చెప్పవలసినది సగం చెప్పనట్టే. సెమీసాఫ్ట్ డయాటోనిక్ అంటే మాత్రం గాంధారం ఎక్కడ పడుతుందో లెక్కగట్టుకోవచ్చు.

అంతరాలను సున్నా నుంచి లెక్కించడం కూడా ఈ పద్ధతిలోని మంచి అలవాటు. పాశ్చాత్య లెక్కలో మూడవదీ మూడవదీ కలిస్తే అయిదవది అవుతుంది, ఆరు కాదు, ఎందుకంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న స్వరాన్ని రెండు సార్లు లెక్కిస్తారు. తమ్‌నమ్స్‌లో మెట్లను లెక్కిస్తారు కనుక రెండూ రెండూ నాలుగే. ఎనిమిది, తొమ్మిది, పది మెట్ల శ్రేణులతో పనిచేసేటప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

ఇక లోపాలు. మాస్ కాని శ్రేణుల దగ్గర ఈ పద్ధతి దాదాపు మూగబోతుంది. మాయామాళవగౌళ మెట్లు 1 3 1 2 1 3 1. పరిమాణాలు రెండు కాదు, మూడు. కీరవాణిలోనూ మూడే. ఇలాంటివాటిని ఏదో ఒక మాస్‌లో ఒకటి రెండు స్వరాలను జరిపిన వికృతులుగా చెప్పుకోవలసి ఉంటుంది. లెక్క వేసి చూస్తే, పన్నెండు సమభాగాలలో రాసుకున్న డెబ్బై రెండు మేళాలలో మాస్ నిర్మాణం ఉన్నవి పైన చెప్పిన ఆరే. మిగతా అరవై ఆరింటికి తమ్‌నమ్స్‌లో సొంత పేరు లేదు. సప్తస్వర శ్రేణులలో మనకు ఎంతో ప్రీతిపాత్రమైనవి చాలావరకు ఈ వలలోంచి జారిపోతాయన్నమాట. క్రమబద్ధతను ముందే నిర్వచించి, దానికి లొంగినవాటికి మాత్రమే పేర్లు పెట్టే ఏ పద్ధతికైనా ఇది తప్పదు గానీ, ఈ పద్ధతిని సర్వవ్యాప్తమైనదిగా చెప్పేవారి మాటను ఈ లెక్క దగ్గర పెట్టుకుని వినడం మంచిది.

స్థాయి దగ్గర తిరిగి మొదలుకాని శ్రేణుల సంగతి కొంత నయం. హైంజ్ బోలెన్ 1972లో ప్రతిపాదించగా, తరువాత కేస్ వాన్ ప్రూయెన్, జాన్ పియర్స్ కూడా విడివిడిగా చేరుకున్న బోలెన్–పియర్స్ శ్రేణి 2/1 బదులు 3/1 దగ్గర తిరిగి మొదలవుతుంది. 3/1ని పదమూడు సమభాగాలు చేస్తే ఒక్కో భాగం 146.3 సెంట్లు. స్కేలా ఫైలులో చివరి పంక్తిలో 3/1 అని రాస్తే పని అయిపోయింది. అందులోని లాంబ్డా అనే తొమ్మిది స్వరాల మోడ్‌ను అచ్చు రాతలో 4ఎల్ 5ఎస్ అని రాసి, పక్కన కోణపు కుండలీకరణాలలో 3/1 చేర్చి చెప్పవచ్చు. ముద్దుపేర్లు మాత్రం ఇక్కడికి రావు. వెండీ కార్లోస్ 1986 నాటి ఆల్ఫా, బీటా, గామా శ్రేణులు దీనికంటే మొండివి. ఆల్ఫాలో ఒక్కో మెట్టు సుమారు 78 సెంట్లు, బీటాలో 63.8, గామాలో 35.1, ఏ మెట్టూ సరిగ్గా పై షడ్జమం మీద పడదు. వీటిని ‘స్థాయికి ఇన్ని భాగాలు’ అన్న మాటతో పిలవలేము. మూడు గ్రీకు అక్షరాలు తప్ప వీటికి మరో సౌకర్యమైన పేరు ఇప్పటికీ లేదు. స్కేలా ఫైళ్లకూ అవే పేర్లు.

నామకరణంలో మూడవ దారి టెంపరమెంట్ల పేర్లది. స్కేలా వాడేవారికి ఇవి అడుగడుగునా తగులుతాయి కనుక వదిలిపెట్టలేను. టెంపరమెంట్ అంటే ఇక్కడ ఏ చిన్న అంతరాన్ని లేనట్టుగా సర్దుబాటు చేశారన్నది. 81/80ని, అంటే సుమారు 21.5 సెంట్లను, మాయం చేస్తే మీన్‌టోన్. 250/243ని మాయం చేస్తే పోర్క్యుపైన్. ఈ రెండవ పేరుకు మూలం పదిహేను భాగాల విభజనలో హెర్మన్ మిల్లర్ చేసిన ఒక సంగీత రచన. అందులోంచే తమ్‌నమ్స్ వారి పైన్ కూడా వచ్చింది. మావిలా అనే మరో టెంపరమెంట్‌కు పెట్టినది మొజాంబిక్‌లోని చోపీ ప్రజల ఊరి పేరు. జార్జ్ సీకర్ 1974లో కనుగొన్న నిర్మాణానికి చాలా కాలం తరువాత మిరాకిల్ అన్న పేరు పెట్టి, ఇరవై ఒక్క స్వరాల రూపాన్ని బ్లాక్‌జాక్ అనీ, ముప్ఫై ఒక్క స్వరాల రూపాన్ని కనాస్టా అనీ పేకాటల పేర్లతో పిలిచారు. ఆర్వెల్ అనే టెంపరమెంట్ కథ ఇంకా విచిత్రం: స్థాయిని ఎనభై నాలుగు భాగాలు చేసి అందులో పందొమ్మిది భాగాలను జనక అంతరంగా, అంటే మళ్లీ మళ్లీ పేర్చే అంతరంగా, తీసుకోవచ్చు కనుక, 19, 84 కలిసి ‘1984’ అనే నవల పేరు అయ్యాయి కనుక, ఆ రచయిత పేరు దానికి దక్కింది. సరదాగా ఉందనడంలో సందేహం లేదు. పైగా ఆర్వెల్ పేరు ఒక విధంగా కటపయాది పరీక్షలో నెగ్గుతుంది కూడా. చమత్కారం తెలిసినవాడు జనక అంతరాన్ని పేరులోంచే రాబట్టగలడు. కానీ ఇలాంటివి వందల సంఖ్యలో పోగుపడ్డాక కొత్తగా వచ్చినవాడి ముందున్నది ఒక నిఘంటువే గాని పద్ధతి కాదు.

ఈ గందరగోళంలో స్కేలా చేసే మేలు ఏమిటంటే, పేరును పక్కన పెట్టి నిర్మాణాన్ని తానే చదివి చెబుతుంది. ఆదేశాల పంక్తిలో ఈక్వల్ అని రాసి పక్కన 31 చేరిస్తే ముప్ఫై ఒక్క సమభాగాల శ్రేణి సిద్ధమవుతుంది. షో అంటే స్వరాలు కనిపిస్తాయి. షో డేటా అంటే ఆ శ్రేణి లక్షణాల చిట్టా వస్తుంది. ప్రతి జాతి అంతరమూ రెండే పరిమాణాలలో వస్తోందా, ఒకే అంతరం రెండు వేర్వేరు మెట్ల సంఖ్యలతో రావడం ఉందా, సిద్ధాంతకారుడు రోథెన్‌బర్గ్ నిర్వచించిన స్థిరత్వం ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆర్కైవ్‌లోని ఒక ఫైలుకు ఎవరు ఏ పేరు పెట్టినా అది మాస్ అవునో కాదో ఇక్కడ తేలిపోతుంది. చేతిలోని శ్రేణిని ఆర్కైవ్‌లోని ఇతర శ్రేణులతో పోల్చి చూసే వీలు కూడా ఉంది. వేర్వేరు పేర్లతో దాగిన ఒకే శ్రేణిని పట్టుకోవడానికి అంతకు మించిన సాధనం నాకు తెలిసి లేదు. అంతరాల పేర్ల జాబితా మరొక నిధి. 81/80, 64/63, 225/224 వంటి నిష్పత్తులకు ఎదురుగా వాడుకలో ఉన్న పేర్లన్నీ కనిపిస్తాయి. ఒక నిష్పత్తికి రెండు మూడు పేర్లున్నా దేనినీ కొట్టిపారేయకుండా అన్నిటినీ ఉంచారు. శ్రేణుల పేర్ల కంటే అంతరాల పేర్ల విషయంలో స్కేలా ఎంతో నమ్మదగినది, ఎందుకంటే అక్కడ నిష్పత్తే చిరునామా, పేరు కేవలం తలుపు మీద పలక.

వాడుక తేలిక అని మాత్రం చెప్పలేను. కిటికీలు, మెనూలు ఉన్నా దీని ప్రాణం ఆదేశాలలోనే ఉంది. స్వరశాస్త్రం కొంత తెలిసి, టైపు చేయడానికి వెనుకాడనివారికి ఇది ఇబ్బంది కాదు. మౌస్‌తో నాలుగు మీటలు నొక్కి వినాలనుకునేవారికి మొదట్లో చిరాకు కలుగుతుంది. సహాయ పత్రాలు విస్తారంగా ఉన్నాయి గానీ అవి ఏ ఆదేశం ఏమి చేస్తుందో చెబుతాయి, ఏ ఆదేశం ఎప్పుడు కావాలో చెప్పవు. శ్రేణులను కేవలం వాయించి చూడాలంటే ఆర్కైవ్‌ను మాత్రం దించుకుని, ఎస్‌సిఎల్ ఫైళ్లు చదివే ఏ సింథసైజర్‌లోనైనా వాడుకోవడం సుఖం. శ్రేణిని కొలవాలి, చీల్చి చూడాలి, ఇతరులతో పోల్చాలి అన్నప్పుడే అసలు సాఫ్ట్‌వేర్ అవసరం పడుతుంది. అప్పుడు దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

కొత్తగా శ్రేణులు కట్టి దాచుకునేవారు ఫైలు పేరును పొట్టిగా తమకు నచ్చినట్టు పెట్టుకుని, వర్ణన పంక్తిని మాత్రం నిర్మాణానికి కేటాయిస్తే మంచిది. మాస్ అయితే అచ్చు రాత, మెట్ల నిష్పత్తి, మోడ్ అంకెలు, తిరిగి మొదలయ్యే అంతరం, ఈ నాలుగూ ఒక పంక్తిలో ఇముడుతాయి: ‘5ఎల్ 2ఎస్, 5:3, 3|3, 2/1’ అంటే ముప్ఫై ఒక్క భాగాలలోని ఖరహరప్రియ అచ్చు అని ఎవరైనా తిరిగి కట్టుకోగలరు. మాస్ కాకపోతే మెట్ల వరుసనే పూర్తిగా రాయాలి. మాయామాళవగౌళకు అంతకు మించిన దారి ప్రస్తుతానికి లేదు. ఎవరు కట్టారు, ఏ వాయిద్యం మీద కొలిచారు, ఏ సంవత్సరంలో అన్నవి ఆశ్చర్యార్థకం పెట్టిన వ్యాఖ్య పంక్తులలోకి వెళ్లాలి. వాటిని సింథసైజర్లు దాటవేస్తాయి కనుక ఎంత పొడవుగా రాసినా శ్రేణి పలకడానికి అడ్డు రాదు.